ఓపెన్ సోర్స్ యాప్ ఇంటర్‌ఫేస్‌ను పరీక్షించడానికి వాలంటీర్ల జట్టును ఎలా కూర్చాలి?

జట్టు పెద్దదిగా ఉండక్కర్లేదు. విడతకు 5 మంది చాలని యూజబిలిటీ (వాడుక సౌలభ్యం) నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. లోపాలు సరిదిద్దాక మరో 5 మంది కొత్తవాళ్లను పిలవండి. పాతవాళ్లకు దారి తెలిసిపోతుంది కాబట్టి ఇక తడబడరు. కోడ్ రాసినవాళ్లు అసలే వద్దు. స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారు ఒకరైనా తప్పక ఉండాలి.

అసలు కిటుకు పని అప్పగించడంలో ఉంది. "ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కండి" అంటే జవాబు మీరే అందించినట్టు. "ఈ ఫైలును పీడీఎఫ్‌గా మీ మిత్రుడికి పంపాలి, ఏం చేస్తారు?" అని అడగండి. మనిషికి 4, 5 పనులు, 40 నిమిషాలు. మనసులో అనుకునేది పైకి చెప్పమనండి. ఎక్కడైనా చిక్కుకుంటే సాయం చేయాలని చాలా అనిపిస్తుంది, చేయకండి. మీకు కావలసిన సమాచారం సరిగ్గా అక్కడే ఉంది.

అందరికీ ఒకే బిల్డ్ (కోడ్ నుంచి తయారైన యాప్ కాపీ) ఇవ్వండి. నైట్లీ బిల్డ్ తాజా కోడ్‌తో తయారవుతూ రోజూ మారుతుంది, ఒకరికి కనిపించిన లోపం ఇంకొకరికి కనిపించకపోవచ్చు. రిపోర్టులో వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, చేసిన స్టెప్పులు, జరగాల్సింది, జరిగింది ఉండాలి. స్క్రీన్ స్కేలింగ్ (తెర మీద అన్నీ ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే సెట్టింగ్) కూడా రాయించండి. కొన్ని బటన్లు 150 శాతం దగ్గరే తెగిపోయి కనిపిస్తాయి.

ప్రతి రిపోర్టుకూ 3 రోజుల్లో జవాబిచ్చే బాధ్యత ఒకరికి అప్పగించండి. పట్టించుకునేవారు లేకపోతే వాలంటీర్లు రెండో విడతకు రారు.