హ్యాండ్‌బ్యాగులో దొరికిన కార్డు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. మూడు నెలల కిందట మా ఆఫీసు కుర్రాడు బైకు ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయితే వాళ్ల అమ్మానాన్నలు అవయవాలు దానం చేశారు. అది చూసి ఆ రాత్రే నేనూ ఫోన్‌లో ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకుని, కార్డు ప్రింట్ తీసి బ్యాగులో పెట్టుకున్నాను. ఈమధ్య చిల్లర కోసం బ్యాగు వెతికిన మా అత్తగారికి అది కనబడింది. పిల్లల తల్లివి, ఇవేం అపశకునం పనులని ఏడ్చారు. కళ్లిచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారట. మా ఆయనేమో ‘నీకేమైనా జబ్బుందా, నా దగ్గర దాస్తున్నావా’ అని అడిగారు. లేదన్నా నమ్మలేదు. రెండు వారాలుగా ముక్తసరిగా మాట్లాడుతున్నారు. నాలుగేళ్ల కిందట మావయ్యగారు పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి పోయారు. అప్పటి నుంచి ఆసుపత్రి మాటెత్తితేనే ఇంట్లో టెన్షన్. నమోదు రద్దు చేసుకోనా? వీళ్ల ఒప్పుదలతో పని లేకుండా నా మాట చెల్లే దారి ఏదైనా ఉందా?

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం. అలాంటి దారి లేదమ్మా. మీరు నమోదు చేసుకున్నది మీ కోరిక తెలిపే కాగితం, అంతే. ఎప్పుడైనా ఆ పరిస్థితే వస్తే ఐసీయూ బయట కుర్చీలో కూర్చునేది మీ ఆయన. ఆసుపత్రిలో అవయవదానం సంగతి చూసే కోఆర్డినేటర్ వచ్చి అడిగేది ఆయన్నే, సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఆయన వద్దంటే మీ కార్డు ఎంత భద్రంగా ఉన్నా డాక్టర్లు ముందుకు వెళ్లరు. అంత పెద్ద పని ఆయన నెత్తిన పెట్టి, ఆయనకే చెప్పలేదు మీరు. వాళ్లమ్మ ఏడుస్తుంటే తెలిసింది.

మీ ఆయన అవయవదానం వద్దన్నట్టు ఉత్తరంలో నాకెక్కడా కనబడలేదు. ఆయన అడిగింది జబ్బుందా అని. భార్య బ్యాగులో చావు గురించిన కాగితం దొరికితే ఎవరికైనా మొదట తట్టేది అదే. తండ్రి కోసం పదకొండు రోజులు ఆసుపత్రిలో కాపలా ఉన్న మనిషికి మరీను. కోపంలా కనబడుతున్నది నా లెక్కలో భయం. నోటిమాటతో నమ్మకపోతే ఇద్దరూ కలిసి వెళ్లి మామూలు హెల్త్ చెకప్ చేయించుకోండి. మీ రిపోర్టు ఆయన చేతికే ఇవ్వండి. ఖర్చు దండగ అనుకోకండి, రెండు వారాల మౌనం కంటే చవకే.

ఆ కుర్రాడి గురించి ఇంట్లో చెప్పారా? చెప్పినట్టు రాయలేదు. ముందు ఆ రోజు మీరేం చూశారో, ఆ తల్లిదండ్రులు ఎలా ఉన్నారో, మీకేమనిపించిందో ఆయనకు చెప్పండి. చట్టాలూ ఫారాలూ తర్వాత.

అవి కూడా తెలియాలి, ఎందుకంటే మీ ఇంటి భయం వెంటిలేటర్ దగ్గర మొదలైంది. ఛాతీ ఆడుతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, ప్రాణం ఉండగానే కోసేస్తారేమో అన్న అనుమానం చాలామందికి ఉంటుంది, పైకి అనరు. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. కోమా నుంచి తేరుకునేవాళ్లున్నారు. బ్రెయిన్ డెత్‌లో ఊపిరిని నడిపే మెదడు కాండమే పూర్తిగా ఆగిపోతుంది, ఆడేది మిషన్, మనిషి కాదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు కలిసి దాన్ని నిర్ధారించాలి. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేస్తారు. కాసేపు వెంటిలేటర్ తప్పించి, సొంతంగా ఊపిరి తీసే ప్రయత్నమైనా ఉందేమో చూసే పరీక్ష కూడా అందులో ఉంటుంది. అవయవాలు అమర్చే డాక్టర్లకు ఆ నలుగురిలో చోటు లేదు. కుటుంబం ఒప్పుకున్న తర్వాత అవయవాలను కాపాడటానికయ్యే ఖర్చు ఇంటివాళ్ల మీద పడదు. శరీరాన్ని కుట్లు వేసి అప్పగిస్తారు, దహనం, కర్మలు మామూలుగానే జరుపుకోవచ్చు.

ఇదంతా చెప్పేటప్పుడు మావయ్యగారిని మాత్రం ఉదాహరణగా తేకండి. వెంటిలేటర్ మీద పోయిన ప్రతివాళ్లదీ బ్రెయిన్ డెత్ కాదు. ఆయనదేమిటో మీరూ రాయలేదు. ‘అప్పుడు మనం కూడా ఇచ్చి ఉండాల్సిందా’ అన్న ఆలోచన అత్తగారి మనసులో పడితే ఆవిడకు నిద్ర ఉండదు.

ఆవిడ చెప్పిన కళ్ల సంగతికి వస్తాను. నిజానికి మనలో ఎక్కువమందికి వీలయ్యే దానం అదే. బ్రెయిన్ డెత్ అరుదు. కళ్లకు అది అక్కర్లేదు, మంచం మీద మామూలుగా పోయినా ఆరు గంటల్లోపు తీసుకోవచ్చు. కళ్లజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగరు ఉన్నా సాధారణంగా అడ్డం కాదు. ఐబ్యాంకు వాళ్లు ఇంటికే వచ్చి అరగంట లోపే పని ముగిస్తారు. ఈలోగా చేయాల్సింది రెప్పలు మూసి తడి దూది పెట్టడం, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచడం, ఫ్యాన్ ఆపడం. ఫ్యాన్ సంగతి చాలామంది మర్చిపోతారు, గాలికి కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, ఆరిపోతుంది.

శ్రీకాళహస్తిలో శివుడికి కన్ను పెకిలించి ఇచ్చిన తిన్నడికి కన్నప్పగా మొక్కుతున్నామే తప్ప, ఆయన తర్వాత గుడ్డివాడై పుట్టాడని ఎవరూ అనలేదు. అలాగని ఈ మాటతో అత్తగారి మీద నెగ్గాలని చూడకండి. వచ్చే జన్మ పేరు చెప్పి ఆవిడ ఏడ్చింది ఈ జన్మలో కొడుకు ఇల్లు ఏమైపోతుందోనని. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని ఆ పదకొండు రోజులూ ఎలా గడిచాయో అడగండి. ఆవిడ చెప్పేది వినండి. కార్డు ఊసు ఎత్తొద్దు. ఆవిడ సంతకం ఎక్కడా అక్కర్లేదు కూడా.

ఇక మీ మొదటి ప్రశ్న. రద్దు ఏ రోజైనా చేసుకోవచ్చు కాబట్టి ఈ రోజే చేయాల్సిన తొందర లేదు. ఏయే అవయవాలు ఇస్తారో ఫారంలో మీరే ఎంచుకోవచ్చు కూడా. మీ ఆయన ప్రస్తుతానికి కళ్ల వరకు సరే అంటే అలాగే మార్చుకోండి, మిగతావాటి గురించి ఏడాది తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆయన సరే అన్న రోజున ఆ కార్డు ఫొటో ఆయన ఫోన్‌లో ఉంచండి. బ్యాగులో ఉంటే అత్తగారికి మళ్లీ చిల్లర వెతికేటప్పుడే దొరుకుతుంది.