సోమవారం లోపు చదువు

చిన్నా,

నిన్న రాత్రి మీ అక్క ఫోన్ చేసి అంతా చెప్పింది. పాత అన్నం విషయంలో మీ ఓనర్‌తో గొడవైందట. సోమవారం కిచెన్‌లో వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టి, అక్కడికక్కడే ఉద్యోగం వదిలేసి వస్తానన్నావట. మా ఇంటి పిల్లాడు తప్పును తప్పని మొహం మీదే చెప్పాడని గర్వంగా ఉంది. కానీ మీ తాతయ్య కోపమంతా నీకే వచ్చింది, అదే నా టెన్షన్. ఫోన్లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అంటావు, అందుకే రాస్తున్నాను.

నీ మాటలో తప్పేమీ లేదు. శనివారం రాత్రి మిగిలిన అన్నాన్ని డేగిసాతో సహా బయట వదిలేసి, తెల్లారాక ఫ్రిజ్‌లోకి తోసి, ఆదివారం ఫ్రైడ్ రైస్‌కి వాడమనడం పొదుపు కాదు, పాపం. "హై ఫ్లేమ్ మీద నాలుగు తిప్పులు తిప్పితే ఏ క్రిమీ బతకదు" అన్నాడట. చేయి తిరిగిన మాస్టర్లు కూడా చాలామంది ఇదే నమ్ముతారు. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలుంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. మళ్ళీ వేయిస్తే బ్యాక్టీరియా చావొచ్చు గానీ, వాంతులు తెప్పించే ఆ విషం మాత్రం వేడికి పోదు.

ఇదంతా నువ్వు కాలేజీలో చదివే ఉంటావు. కానీ పాఠం ఆయనకి అప్పజెప్పకు, చూపించు. డేగిసాలో పైన అన్నం చేతికి చల్లగానే తగులుతుంది. థర్మామీటర్ ముల్లు నడిమధ్యకి దించితే, ఫ్రిజ్‌లో పెట్టి గంటలు గడిచినా లోపల ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ అంకె ఆయన కళ్ళతోనే చూడనీ. వెంటనే దారి కూడా చెప్పు. మిగిలిన అన్నాన్ని చేతికి వేడిగా ఉండగానే ట్రేల్లో పల్చగా పరిచి, రెండు గంటల్లో 21 డిగ్రీలకి, మరో నాలుగు గంటల్లో 5 డిగ్రీలకి దించాలి. అలా దించలేకపోతే రాత్రి పది దాటాక కొంచెం కొంచెంగానే వండించాలి. "పారెయ్యండి" అని మాత్రమే అంటే ఆయనకి పోయే డబ్బే కనిపిస్తుంది. కుర్రాళ్ళ ముందు కాదు, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు మాట్లాడు.

ఇక అసలు సంగతి. ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో కొలవకుండానే నువ్వు రిజిస్టర్‌లో రోజూ "4 డిగ్రీలు" అని రాసి సంతకం పెడుతున్నావని మీ అక్క మాటల్లో తెలిసింది. అది విన్నాకే నాకు నిద్ర పట్టలేదు.

నేను విజయవాడలో ఒక కాలేజీ హాస్టల్ మెస్‌లో స్టోర్ చూసేదాన్ని. మా సూపర్‌వైజర్ గారు చాలా మంచి మనిషి. పప్పులో పురుగు కనిపిస్తే బస్తా మొత్తం వెనక్కి పంపించేవారు. ఆయనకున్న అలవాటు ఒక్కటే. వారం మొదట్లోనే సరుకుల రిజిస్టర్‌లో ఆదివారం దాకా సంతకాలు పెట్టేసేవారు. కాంట్రాక్టరు అడిగేవాడు, ఈయన కాదనేవారు కాదు. ఒక ఎండాకాలం సాయంత్రం కోడిమాంసం ఆలస్యంగా వచ్చింది. ఐస్ కరిగిపోయి నీళ్ళలో తేలుతోంది, మూత తీయగానే వాసన. వండటానికి వీల్లేదన్నారాయన. ఉప్పూ పసుపూ వేసి కడిగి వండమన్నాడు కాంట్రాక్టరు. మాటా మాటా పెరిగింది. తాళంచెవుల గుత్తి బల్ల మీద విసిరికొట్టి, ఏలూరు బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయారు. ఆయన గేటు దాటాడో లేదో పొయ్యి వెలిగించారు. ఆ రాత్రి పిల్లలు వరసగా వాంతులు చేసుకున్నారు. దేవుడి దయ, అందరూ బతికి బయటపడ్డారు.

మర్నాడు విచారణకి వచ్చినవాళ్ళ ముందు కాంట్రాక్టరు ఆ రిజిస్టర్ తెరిచాడు. ఆ పేజీ నాకింకా కళ్ళకి కట్టినట్టు ఉంది. నీలం ఇంకుతో, ఒకే వాలుతో, కిందికి వరసగా సంతకాలు. ఇంకా రాని రోజులకి కూడా. మాంసం వచ్చిన రోజు గడిలో "సరుకు బాగుంది" అని ఉంది, పక్కనే ఆయన సంతకం. "ఆయన చూసి తీసుకున్నాకే వండాం" అన్నాడు కాంట్రాక్టరు. జరిగింది నేను చెప్పాను, వంటమనిషీ చెప్పాడు. మా నోటిమాట ఆ కాగితం ముందు నిలబడలేదు. ఆ పేరు పడ్డాక ఆయన్ని ఏ మెస్‌లోనూ పెట్టుకోలేదు. ఆయన పిల్లల చదువులూ దెబ్బతిన్నాయి. వద్దన్న మనిషే దోషి అయ్యాడు. ఆయన ఇంకో గంట అక్కడే నిలబడి, ఆ మాంసం మీద ఫినాయిల్ పోయించి ఉంటే పిల్లలూ తినేవారు కాదు, ఆయనా నిలబడేవాడు.

అప్పటికి ఇప్పటి చట్టం లేదు. 2006లో చేసిన ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. తినడానికి పనికిరాని ఆహారం వల్ల మనిషి చనిపోతే ఏడేళ్ళకి తక్కువ కాకుండా యావజ్జీవం దాకా శిక్ష, పది లక్షలకి తగ్గని జరిమానా. మీ కిచెన్‌లో ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్‌వి నువ్వే. అధికారులొస్తే ముందు అడిగేది నీ రిజిస్టరే.

అందుకని ఈ రోజు నుంచే కొలవని అంకె రాయకు. 11 ఉంటే 11 అనే రాయి, టైమ్ వెయ్యి. పాత పేజీలు దిద్దకు, చింపకు. ఓనర్‌కి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టు: "సార్, శనివారం అన్నం రాత్రంతా బయట ఉంది. అది వాడకూడదని చెప్పాను. పారేయడానికి మీ అనుమతి కావాలి." ఆ మెసేజ్ నీ దగ్గర ఉండనీ. ఆ అన్నం చెత్తబుట్టలో పడేదాకా కిచెన్ వదలకు.

వినకపోతే వీడియో కాదు, ఫిర్యాదు చెయ్యి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది. మీ గోడ మీద లైసెన్స్‌లో 14 అంకెల నంబరు ఉంటుంది, అది ఎక్కించు. శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపించే అధికారం ఆఫీసరుకే ఉంది, నీ ఫోన్‌కి లేదు. పైగా వీడియోలో పడేది ఓనర్ మొహం కాదు, గిన్నెలు తోమే ఒడిశా కుర్రాళ్ళవి. పొద్దున్నే గెంటేసేదీ వాళ్ళనే. 2024 అక్టోబరులో తెలంగాణలో పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించారు గుర్తుందా? అప్పుడు కదిలింది ప్రభుత్వం. అలా కదిలించాలంటే కాగితం ఉండాలి.

ఉద్యోగం పోతుందేమోనని ఆగకు. బైక్ ఈఎంఐ, రూమ్ అద్దె ఇంకోటి దొరికేదాకా నేను చూసుకుంటాను, మీ అమ్మకి తెలియనక్కర్లేదు. తెనాలి వచ్చి నాలుగు రోజులుండు, బక్కచిక్కిపోయావని మీ అక్క అంటోంది. ముందు రేపు పొద్దున రిజిస్టర్‌లో నిజం అంకె రాసి, ఆ పేజీ ఫోటో నాకు పంపు. ఆయనతో మాట్లాడగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ