జంతువులు లేకుండా టీ కణాలు మెదడులోకి దాటడం చూడొచ్చా?

తిరుపతిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేస్తున్నారు, మామూలు సెల్ కల్చర్ ల్యాబ్ మాత్రమే ఉంది, రక్తం–మెదడు అడ్డుగోడను టీ కణాలు అనే రోగనిరోధక కణాలు ఎలా దాటుతాయో చూడాలి, అంతేగా మీ ప్రశ్న? చూడొచ్చు.

ట్రాన్స్‌వెల్‌తో మొదలుపెట్టండి. ప్లేటు గుంటలో వేలాడే చిన్న కప్పు అది, అడుగున రంధ్రాల పొర. దానిమీద మెదడు రక్తనాళాల ఎండోథీలియల్ కణాలు (నాళం లోపలి గోడ కణాలు) పెంచి, వాపు పుట్టించే ప్రోటీన్ టీఎన్ఎఫ్-ఆల్ఫాతో కాస్త రెచ్చగొట్టి, పైన టీ కణాలు వేసి, కొన్ని గంటలయ్యాక కిందికెన్ని దిగాయో లెక్కపెట్టాలి. రంధ్రం సైజు చూసి మరీ ఆర్డరివ్వండి. 0.4 మైక్రాన్లది మందుల పరీక్షకు బాగుంటుంది గానీ అందులో కణం పట్టదు, 3 మైక్రాన్లది కావాలి. డబ్బాలు వచ్చాక చూసుకుంటే గైడ్ ముందు టెన్షనే.

ఆ ఎండోథీలియల్ గోడ బిగువును విద్యుత్ నిరోధంతో కొలుస్తారు. ఎక్కువమంది వాడే డీ3 (hCMEC/D3) అనే మానవ మెదడు ఎండోథీలియల్ కణాల్లో అది బాగా తక్కువ. స్టెమ్ సెల్స్ నుంచి చేసినవి బిగువే, కానీ కొన్ని పద్ధతుల్లో టీ కణం పట్టుకోవాల్సిన వీక్యామ్-1 ప్రోటీన్ సరిగా రాదు. రీడింగ్ ఒక్కటే చూసి మురిసిపోకండి.

ట్రాన్స్‌వెల్‌లో రక్త ప్రవాహం ఉండదు, నా దృష్టిలో అదే పెద్ద లోటు. ద్రవం పారే ఫ్లో ఛాంబర్‌లో అయితే కణం అతుక్కుని, పాకి, సందు వెతుక్కోవడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. ఏర్పేడులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్‌లో అడిగి చూడండి.

అలాగని సాదా పద్ధతులు చిన్నవేం కావు. 1992లో వాపున్న ఎలుక మెదడు ముక్కలమీద తెల్లకణాలు అతుక్కోకుండా, వాటిమీద వీక్యామ్-1ను పట్టుకునే ఆల్ఫా-4 ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఆపింది. రోగనిరోధక కణాలు మెదడు, వెన్నుపాములపై దాడిచేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బుకు మందు నటాలిజుమాబ్ ఆ దారిలో వచ్చిందే.