పదేళ్ల పిల్లలకు 18.5 లెక్క వర్తించదు

పదేళ్ల మీ అబ్బాయి బీఎమ్ఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 16.8 వచ్చిందనీ, అది 18.5 కన్నా తక్కువ కాబట్టి బరువు పెంచాలా అనీ అడిగారు. ఆ అంకె కోసమే అయితే అక్కర్లేదు. 18.5 అన్నది పెద్దల కొలత.

ఇదే 16.8 నాలుగేళ్ల కిందట మా ఇంట్లో ఆరు నెలలు మనశ్శాంతి లేకుండా చేసింది. అప్పుడు పదేళ్లున్న మా అమ్మాయి ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 33 కిలోలు. వయసైనా అడగని ఒక ఆన్‌లైన్ లెక్క ‘తక్కువ బరువు’ అని తేల్చగానే నేను నమ్మేసి, ప్రతి పూటా అదనంగా తినేదాకా పిల్లను కంచం ముందు నుంచి లేవనివ్వలేదు. ఒక రాత్రి ముద్ద బుగ్గన పెట్టుకునే నిద్రపోయింది.

చివరికి పిల్లల డాక్టరమ్మ అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ వయసువారీగా బీఎమ్ఐ గీతలు గీసిన ఆడపిల్లల పట్టిక తీసి, పదేళ్ల దగ్గర చుక్క పెడితే అది సరిగ్గా నడిమి గీత పక్కన, అంటే ఈడు పిల్లల్లో సగం మంది కింద, సగం మంది పైన ఉండే చోట పడింది. ఆమె వేలిని ఎడమకు జరిపి, నాలుగేళ్లప్పుడు ఇదే అంకె ఉంటే అధిక బరువు మొదలయ్యే 85వ పర్సంటైల్ (ఈడు పిల్లల్లో నూటికి 85 మంది కింద ఉండే గీత) దగ్గర ఉండేదని, కుడికి జరిపి, పదిహేడేళ్లకూ ఇదే ఉంటే 5వ పర్సంటైల్ కిందికి, నిజంగానే తక్కువ బరువులోకి పోతుందని చూపించారు. పిల్లల్లో బీఎమ్ఐ ఏడాది దాటాక సుమారు ఐదారేళ్ల వరకు తగ్గి, ఆ తర్వాత పెరుగుతూ పోతుంది కనుక వయసూ, ఆడా మగా అన్నదీ చెప్పని అంకెకు అర్థం లేదు.

బూట్లతోనే ఎత్తు కొలిచే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎత్తును వర్గం చేసి భాగిస్తాం కాబట్టి మూడు సెంటీమీటర్ల మడమ చాలు, మా అమ్మాయి 16.8 కాస్తా 16.1 అయిపోతుంది. పిల్ల ఎదుటే ‘బక్కచిక్కింది’ అనే చుట్టాల మాటలు ఇంకా అన్యాయం.

మీరు చెప్పులు విప్పించి కొలిచి, మగపిల్లల పట్టికలో చుక్క పెట్టి, ఆరు నెలలకు ఇంకొకటి పెట్టండి. ఒక్క చుక్క కన్నా, రెండు చుక్కల మధ్య గీతలు దాటిందా లేదా అన్నదే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. దాటితే డాక్టరుకు చూపించండి.

మా అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు, బీఎమ్ఐ 19.3, అదే నడిమి గీత. నేను గరిటె పట్టుకుంటే మాత్రం ఇప్పటికీ కంచం వెనక్కి లాక్కుంటుంది.