స్పూన్ లాక్కుంటుంది, ఇస్తే ఒలకబోస్తుంది

ప్రశ్న: మా పాపకు 20 నెలలు. నేను ఉద్యోగానికి వెళ్తే అత్తయ్య చూసుకుంటారు. ఫోన్‌లో పాటలు పెట్టి తినిపిస్తారు. పాప స్పూన్ లాక్కుంటుంది, ఇస్తే ఒళ్లంతా పోసుకుంటుంది. అదీ ఎడమచేత్తో! "ఇప్పుడే ఏం తొందర, దాని కడుపు నిండొద్దూ" అంటారు అత్తయ్య. ప్లేస్కూల్లో ఎలా తింటుందోనని నాకు టెన్షన్.

జవాబు: లాక్కుంటోందంటే నేర్చుకునే వయసు వచ్చినట్టే. రెండేళ్లు దాటినా పిల్లలు ఒలకబోస్తూనే ఉంటారు. స్పూన్ నోటిదాకా వచ్చేసరికి ఆ చిన్న మణికట్టు నిలవదు, బోర్లా పడుతుంది. అది అల్లరి కాదు. అందుకని జారని తిండితో మొదలుపెట్టండి: గట్టి పెరుగన్నం, మెత్తటి పెసరపప్పు కిచిడీ, ముద్దగా చేసిన ఉప్మా. చారన్నం తర్వాత చూద్దాం. పొట్టి, లావు పిడి ఉన్న స్పూన్, కదలని గిన్నె ఇచ్చి, కింద పాత చీర పరవండి. మధ్యలో చెయ్యి పెట్టి తింటే తిననివ్వండి, మనమంతా అలా తినేవాళ్లమేగా.

అత్తయ్య మాటలో నిజం ఉంది. మొదట్లో కడుపులోకి తక్కువే వెళ్తుంది. అందుకే రెండు స్పూన్లు పెట్టండి, ఒకటి పాపకు, ఒకటి ఆవిడకు. పాప తంటాలు పడుతుంటే మధ్యమధ్య ఆవిడ పెడతారు. తినిపించే పని తన చేతిలోంచి పోలేదన్న తృప్తీ ఉంటుంది. ఇంకో మాట, మీరు ఆఫీసులో ఉంటే ఒలికింది తుడిచేది ఆవిడే. ఆ అభ్యంతరంలో కొంత నడుంనొప్పి కూడా ఉండొచ్చు! అందుకని మీరు ఇంట్లో ఉండే పూటతో, పాప బాగా ఆకలి మీదున్నప్పుడు మొదలుపెట్టండి. తుడిచే పని మీదే.

ఆ పూట ఫోన్ వద్దు. తెర చూస్తున్న పిల్లకి స్పూన్ కనిపించదు, కడుపు నిండిందీ తెలియదు. నాలుగు రోజులు తక్కువ తింటుంది, ఓర్చుకోండి. అరగంట దాటితే గిన్నె తీసేయండి. తినలేదు కదా అని వెంటనే పాలు పట్టకండి. ఈ వయసులో రోజుకు అర లీటరు మించితే అన్నం మీద ఆకలి పోతుంది.

ఎడమచెయ్యి సంగతి వదిలేయండి. ఏ చేతివాటమో ఇంకా కుదురుకుంటున్న వయసు, స్పూన్ లాగి కుడిచేతిలో పెట్టకండి. ప్లేస్కూల్ టీచర్లకు ఒలికిన అన్నం కొత్తేమీ కాదు. ఒక చెయ్యి అసలు వాడకపోయినా, ముద్ద తగిలిన ప్రతిసారీ పొలమారుతున్నా, బరువు పెరగకపోయినా మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించండి.