ఫొటోల్లో కంపోజిషన్ (ఫ్రేమ్‌లో ఏది ఎక్కడుండాలో కూర్చుకోవడం) మెరుగుపడాలంటే ఏం సాధన చేయాలి? నాకు పనికొచ్చినవి

"రూల్ ఆఫ్ థర్డ్స్ తెలుసు, వీడియోలన్నీ చూశాను, అయినా నా ఫొటోలు చప్పగా ఉంటున్నాయి" అని మీరు రాశారు. (రూల్ ఆఫ్ థర్డ్స్ అంటే ఫ్రేమ్‌ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టడం.) రెండేళ్లు నాదీ ఇదే గోల. ఇంకో లెన్స్ కొంటే బాగుపడతానేమో అనుకున్నా కూడా. కొనకండి.

ముందు మీ కిట్ లెన్స్‌కి, అంటే కెమెరాతో పాటు వచ్చినదానికి, సెలోటేప్ వేయండి. నవ్వులాట కాదు. నా 18-55 ఎంఎం జూమ్ లెన్స్‌ని 35 దగ్గర పెట్టి, జూమ్ రింగ్ కదలకుండా టేప్ చుట్టేశాను. నాలాంటి చిన్న సెన్సర్ (క్రాప్ సెన్సర్) కెమెరా మీద అది, పెద్ద సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్) కెమెరా మీద 50 ఎంఎం లెన్స్ చూపించేదానికి దగ్గరగా ఉంటుంది. జూమ్ లేదు కాబట్టి కాళ్లకి పని పడింది. నెల తిరిగేసరికి కెమెరా ఎత్తకముందే ఏది ఫ్రేమ్‌లో పడుతుందో తెలిసిపోయేది.

తర్వాత ఒకే వస్తువు, 36 ఫొటోలు. పాత ఫిల్మ్ రోల్‌లో అన్నే వచ్చేవి కదా, ఆ లెక్క. నేను పెరట్లో కుళాయి కింద ఉన్న స్టీలు బిందె పట్టుకున్నా. పది తీసేసరికి సరుకు అయిపోయింది. ఎదురుగా, పక్కనుంచి, పైనుంచి... బిందెలో ఇంకేముంటుంది? విసుగొచ్చి గచ్చు మీద చతికిలబడ్డా. అప్పుడు కనబడింది, బిందె నీడ ఏటవాలుగా సాగి గోడెక్కుతోంది. బిందెని మూలకి నెట్టి నీడకి చోటిచ్చాను. అది ఇరవై మూడోది. మొదటి పదీ ఎవరైనా తీస్తారు. మధ్యలో డిలీట్ చేయకూడదు, అదొక్కటే షరతు.

ఇక అంచులు. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో పిల్ల నవ్వు మీదే నా ధ్యాసంతా. ఇంటికొచ్చి చూస్తే షామియానా గుంజ సరిగ్గా నెత్తిమీద మొలిచింది, ఎడమ మూల ఎవరిదో సగం మోచేయి, చేతిలో ఐస్‌క్రీం కప్పు. అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఒక్కడుగు పక్కకి జరిగుంటే సరిపోయేది. అప్పట్నుంచి బటన్ నొక్కేముందు నాలుగంచుల చుట్టూ కన్ను ఒక రౌండు తిప్పుతాను. ఒక్క సెకను పని.

తీసినవాటిని తలకిందులుగా తిప్పి కూడా చూడండి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కాలంలో పెద్ద కెమెరాల గాజు పలక మీద బొమ్మ తలకిందులుగానే పడేది. నల్లగుడ్డ కప్పుకుని అలాగే కూర్చుకునేవారు. తిరగేస్తే మొహాల మీదకి చూపు పోదు, వెలుగూ చీకటీ ముద్దలుగా కనిపిస్తాయి. ఏ పక్క బరువెక్కువైందో ఇట్టే దొరికిపోతుంది.

మీది ఫోనైనా పర్లేదు, టేప్ బదులు వేళ్లతో జూమ్ చేయకుండా ఉంటే చాలు. బిందె లేకపోతే గుమ్మం ముందు చెప్పులు తీసుకోండి. 36 అయ్యాక ఇక్కడ పెట్టండి, చూద్దాం.