హీట్ పంప్ గీజర్ మోడల్‌లో బ్యాకప్ హీటర్ ఎందుకు ఎక్కువసేపు నడుస్తోంది?

మీ ప్రశ్న: బెంగళూరు ఇంటికి 200 లీటర్ల హీట్ పంప్ (బయటి గాలిలోని వేడితో నీళ్లు కాచే గీజర్), 2 కిలోవాట్ల బ్యాకప్ రాడ్ (తోడుగా ఉండే కరెంటు హీటర్) కంప్యూటర్‌లో మోడల్ చేస్తే రోజూ పొద్దున రాడ్ గంటల తరబడి ఆన్‌లో ఉంటోంది, ఎందుకని.

ట్యాంకంతటికీ ఒకే ఉష్ణోగ్రత పెట్టి ఉంటారు, అనుమానం అక్కడే. నీళ్లు వాడగానే చల్లనీళ్లు అడుగున చేరతాయి, పైభాగం వేడిగానే ఉంటుంది. ఒకే ముద్దగా లెక్కిస్తే సగటు పడిపోయి, అవసరం లేకుండానే రాడ్ వెలుగుతుంది. కనీసం రెండు పొరలు చేయండి: కంప్రెసర్‌కు (హీట్ పంప్‌ను నడిపే భాగం) అడుగు సెన్సర్, రాడ్‌కు పై సెన్సర్. రాడ్ పైభాగంలో ఉంటే అది వేడి చేసేది పై నీళ్లనే. 70 లీటర్లను 40 నుంచి 55 డిగ్రీలకు తేవడానికి సుమారు 1.2 యూనిట్లు, అంటే 37 నిమిషాలు చాలు. మొత్తం 200 లీటర్లయితే 3.5 యూనిట్లు అవుతుంది.

ఇక టైమ్ స్టెప్, అంటే మోడల్ ఎంతసేపటికోసారి లెక్క వేస్తుందో అది. గంట పెడితే, ఒకసారి ఆన్ అయిన రాడ్ ఆ గంటంతా ఆగదు; 1 నిమిషం పెట్టండి.

రూలు ఇలా రాయొచ్చు: పై సెన్సర్ 42 కంటే తక్కువ, కంప్రెసర్ అప్పటికే 30 నిమిషాలు నడిచింది, రెండూ నిజమైతేనే రాడ్ ఆన్. 50 దాటితే ఆఫ్. ఆన్, ఆఫ్‌లకు ఒకే అంకె ఇస్తే నిమిషానికోసారి టకటకలాడుతుంది.

చలిదేశాల మోడళ్లలో ఉండే 'బయట 5 డిగ్రీల లోపు రాడ్ ఆన్' షరతు ఇక్కడ దండగ. జనవరి తెల్లవారుజామున కూడా బెంగళూరులో మామూలుగా 15 దగ్గరే ఉంటుంది. ఇక్కడ రాడ్‌కు పని పెట్టేది చలి కాదు, వరుస స్నానాలు.